సీటు మీద దూది దిండు

ఊపిరి ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. అడవి రోడ్డు మీద ఆ ఊపిరి ఆగిపోవలసిన రోజున దాన్ని నాలో నిలిపినవానికి స్తోత్రం. నాతోపాటు బండెక్కి, నాలాగా నడిచి దిగలేకపోయినవాడి కోసం కూడా స్తోత్రం. ఈ చివరి మాట నోట పలకడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. పూర్తిగా నేర్చుకున్నానని ఇప్పటికీ చెప్పను.

పొన్నూరు దగ్గర మా ఊళ్ళో పొద్దున్నే కాలవ గట్టు మీద నడకకు వెళ్తే, బలగాల సెలక్షన్ల కోసం పరుగు తీసే కుర్రవాళ్ళు ఎదురవుతారు. కొందరు మా సంఘం పిల్లలే. "అంకుల్, బోర్డరు మంచిదా, అడవి మంచిదా?" అని అడుగుతారు. "ముందు ఆ బూట్లు మార్చరా, మోకాళ్ళు పోతాయి" అని చెప్పి తప్పించుకుంటాను. నా దగ్గరున్న అసలు జవాబు గట్టు మీద నిలబడి చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను. ఉద్యోగంలోకి వెళ్ళబోయే తమ్ముళ్ళు చదవాలి. వాళ్ళకంటే ముందు వాళ్ళ అమ్మలు చదవాలి.

నేను కేంద్ర బలగంలో డ్రైవరుగా చేరి డ్రైవరుగానే రిటైరయ్యాను. చివరి పోస్టింగు గోదావరి అవతలి అడవుల్లో. అక్కడ నా చేతికిచ్చిన బండి మందుపాతరను తట్టుకునే బండి. మామూలు లారీకి అడుగు బల్లపరుపుగా ఉంటుంది. దీనికి పడవ అడుగులా కోసుగా ఉంటుంది. కింద ఏది పేలినా ఆ దెబ్బ రెండు పక్కలకూ చీలిపోవాలని అలా కట్టారు. గోడలు మందపాటి ఉక్కు. కిటికీలు అరచేతి మందం అద్దాలు. ఎక్కడం దిగడం వెనక తలుపు నుంచి. నల్లగా, బరువుగా, బురదలో ఒళ్ళు ఊపుకుంటూ నడిచే ఆ బండికి మా తెలుగువాళ్ళం గేదె అని పేరు పెట్టుకున్నాం.

గేదె ఎక్కేవాడికి కట్టుబాట్లు రెండు. బెల్టు కట్టుకోవాలి. లోపల ఏ వస్తువూ వదులుగా ఉండకూడదు. మందుపాతర పేలితే బండి గాల్లోకి లేస్తుంది. బెల్టు లేనివాడి తల పైకప్పుకి తగులుతుంది, కట్టని నీళ్ళ క్యాను ఎవరి మొహానికో తగులుతుంది. ఉక్కు బయటి చావును ఆపుతుంది గానీ లోపల మనం పెట్టుకున్న చావును ఆపదు. ఈ సంగతి శిక్షణలో మా చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పారు. నేను అందరి బెల్టులూ చూసి, స్టీరింగు మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసుకుంటేగాని బండి తీసేవాణ్ణి కాదు. వెనక నుంచి ఎవడో ఒకడు, "పాస్టరు గారూ, కానుకలు కూడా పడతారా, ఇక పోనిస్తారా?" అనేవాడు.

సీట్ల గురించి మాత్రం శిక్షణలో ఎవరూ ఏమీ చెప్పలేదు. అవి గట్టివి. గుంటల రోడ్డు మీద గంట కూర్చుంటే తొడలు తిమ్మిరెక్కి, దిగాక నాలుగడుగులు కుంటాల్సివచ్చేది. ఆ సీట్లు చేసినవాణ్ణి అందరం అన్ని భాషల్లో తిట్టుకునేవాళ్ళం.

మా కంపెనీకి వినుకొండ పక్క పల్లె నుంచి ఒక జవాను వచ్చాడు. పెళ్ళి కానివాడు, నవ్వు మొహం. చిన్నప్పుడు ఆదివారపు బడిలో వాక్యాలు వల్లించి బహుమతులు తెచ్చుకున్నవాడు. నేనూ అలా పెరిగినవాణ్ణే కాబట్టి తొందరగా కలిసిపోయాం. మొదట్లో సార్ అనేవాడు. నెల తిరక్కుండానే మావా అన్నాడు.

"మావా, మీ పొన్నూరోళ్ళు అదృష్టవంతులు. పుట్టడమే బురదలో పుడతారు, మెత్తగా."

"మరి మీరో?"

"రాళ్ళ మీద. మా ఊళ్ళో కోడి గుడ్డు పెట్టాలన్నా ముందు చోటు వెతుక్కుంటది."

"అందుకే నీ తలకాయ అంత గట్టిగా ఉంది."

"తలకాయ గట్టిదే మావా. ఈ సీటు మీద కూర్చున్నప్పుడల్లా నడుం మాత్రం మీ ఊళ్ళో పుట్టుంటే బాగుండనిపిస్తది."

వాడికి తండ్రి లేడు. ఆయన బతికినన్నాళ్ళూ గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా టిక్కీలు మోశాడు. టిక్కీ అంటే మిర్చి నింపి బిగించి కుట్టిన బస్తా. ఆయన పోయాక తల్లి కాస్త కౌలు చేలో పత్తి వేసుకుంటూ, మిగతా రోజుల్లో మిరప కోతలకు వెళ్తూ వీణ్ణి చదివించింది. వీడు ఫోనులో సీటు సంగతి ఆమెకు చెప్పాడు. తల్లితో కష్టం చెప్పుకోవడానికి మొహమాటపడే కొడుకు, నవ్వుతూ చెప్పగలిగిన కష్టం అదొక్కటే మరి.

ఆ సంవత్సరం సెలవు నుంచి తిరిగొస్తూ ఒక దిండు తెచ్చాడు. కొలిచి కుట్టినట్టు సరిగ్గా సీటంత ఉంది. ఆఖరి ఏరుడు పత్తికి ధర పలకకపోతే తల్లి అమ్మకుండా ఉంచి, గింజలు చేత్తో ఒలిచి, వినుకొండ బజారులో దూదేకే సాయిబు దగ్గరికి మోసుకెళ్ళిందట. కొడుకు పోలీసు బండిలో వేసుకునేదని చెబితే ఆయన ఇంకోసారి ఏకి, "తల్లీ, దీని మీద కూర్చుంటే మేఘం మీద కూర్చున్నట్టే" అన్నాడట. పైన ఖాకీ రంగు గుడ్డ. ఒక మూల ఎర్ర దారంతో చిన్న సిలువ. సీటుకు కట్టుకోవడానికి నాలుగు మూలలా తాళ్ళు కూడా కుట్టింది. వదులుగా ఏదీ ఉండకూడదని కొడుకు చెప్పి ఉంటాడు.

మా కమాండరు ఉత్తరాదివాడు, నవ్వని మనిషి. బండి ఆగి ఉన్నప్పుడు లోపలికొచ్చి, ఆ దిండు మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. టీ అక్కడికే తెప్పించుకున్నాడు. మీ అమ్మగారిని నాకూ ఒకటి కుట్టమను అని తన భాషలో అంటే, మా వాడు, "సార్‌కి సిలువ బదులు స్టార్లు కుట్టించాలి మావా" అని తెలుగులో నాతో అన్నాడు. దిండు ఎత్తుకు మా వాడి బెల్టు ఆఖరిదాకా వదులు చేయాల్సి వచ్చింది గానీ సరిపోయింది. నేనే బిగించి చూశాను. దిండు కదలకుండా కట్టి ఉంది. కట్టుబాట్లు రెండూ నెరవేరాయి. మా అందరిలో ఎవరికీ తప్పు కనిపించలేదు. అసూయ మాత్రం కనిపించింది.

ఆ రోజు సంగతి కొద్దిగానే చెబుతాను. మాకంటే అడవి లోపలున్న క్యాంపులో ఒక జవానుకు జ్వరం ముదిరింది. తీసుకురావాలి. రోడ్డు వెతికే జట్టు తెల్లారగానే నడిచి వెళ్ళి, దారి బాగుందని రేడియోలో చెప్పింది. వాళ్ళను అనడానికేమీ లేదు. ఆ మందుపాతరను రోడ్డు వేసే రోజుల్లోనే తారు కింద లోతుగా పెట్టారని తర్వాత తెలిసింది. నేను, నా పక్కన కమాండరు, వెనక మా వాడూ ఇంకో ముగ్గురూ. వాన వెలిసి ఎండ కాస్తోంది. మా వాడు వెనక నుంచి అరిచాడు.

"మావా, గుంటలు చూసి పోనీ. నాకేం పర్లేదు, పాపం వీళ్ళ నడుములు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు గుర్తుంది. శబ్దం గుర్తులేదు. రోడ్డు గోడలా లేచి అద్దానికి అడ్డం వచ్చింది, తర్వాత ఆకాశం కనిపించింది, తర్వాత ఏమీ కనిపించలేదు. బండి పక్కకు పడి ఉంది. నోట్లో మట్టి. డీజిలు వాసన. నా కాళ్ళూ చేతులూ ఉన్నాయని తెలుసుకున్నాక చేసిన మొదటి పని వెనక్కి పిలవడం. ఒక్కొక్కడూ పలికాడు. గేదె తన పని తాను చేసింది. లోపలికి చిన్న బెజ్జం కూడా పడలేదు. ఒకడికి పళ్ళు రాలాయి. మా వాడి పక్కన మామూలు సీటు మీద కూర్చున్నవాడికి రెండు మడమలూ పగిలాయి. తర్వాత కొన్నాళ్ళకు అతను కర్ర లేకుండా నడిచాడు.

మా వాడు బెల్టుకు వేలాడుతున్నాడు. మొహం మీద గీత కూడా లేదు.

"మావా, నా కాళ్ళున్నాయా?"

"ఉన్నాయిరా."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. రెండూ ఉన్నాయి, బూట్లు కూడా ఉన్నాయి."

"ఉంటే సరే. నాకు తెలియట్లా."

బెల్టు కోసి దింపేటప్పుడు కూడా వాడు ఏడవలేదు. మడమలు పగిలినవాడు ఏడుస్తుంటే వాడే ఓదార్చాడు.

అందరినీ కాపాడిన బండి అని పేపర్లలో వచ్చింది. అది నిజమే. తర్వాత బండిని చూడటానికి ఒక ఇంజనీరు వచ్చాడు. నెమ్మదస్తుడు. కొలతలు తీసుకుని, ఫొటోలు తీసుకుని, చివరికి మా వాడి సీటు దగ్గర కూర్చుని ఆ దిండును బొటనవేలితో నొక్కి చూశాడు. అణిగిపోయి చపాతీలా ఉంది. ఎవరిదని అడిగాడు. చెప్పాను. ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. బండి అడుగు కింది నుంచి తన్నినప్పుడు గట్టి సీటైతే మనిషిని మొదటి నుంచే తనతో పైకి తీసుకుపోతుంది. మెత్త ఉంటే ముందు మెత్త అణుగుతుంది. ఆ రెప్పపాటులో మనిషి ఉన్నచోటే ఉంటాడు, కింద సీటు మాత్రం వేగం పుంజుకుంటుంది. మెత్త అణగడం అయిపోయాక ఆ వేగంతో వచ్చి వెన్నుకు తగులుతుంది.

"ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను" అన్నాడు. "పేలుడు ఆ వైపే ఎక్కువ. కానీ పక్కవాడిని చూడండి. ఈ దిండు లేకపోతే ఇతను కూడా నడిచేవాడనే అనుకుంటున్నాను."

సీట్ల మీద ఏ మెత్తా వెయ్యకూడదని తర్వాత మాకు ఆర్డరు వచ్చింది. కారణం అందులో రాయలేదు. మా వాడు పెద్ద ఆసుపత్రిలో నెలల తరబడి ఉండి, నడుం కింద స్పర్శ లేకుండా వినుకొండ పక్క పల్లెకు చేరాడు. వాడి పెట్టె కూడా చేరింది. అందులో దిండు ఉంది.

నేను రిటైరై ఇంటికొచ్చాను. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెబుతూ, సత్యం మనిషికి విడుదలనిస్తుందని బోర్డు మీద రాసేవాణ్ణి. తేలికైన పాఠం. బోర్డు తుడిచేస్తే అయిపోతుంది.

ఒకరోజు మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పంపారు. తల మీద కొంగు కప్పుకున్న ఒక స్త్రీ ఆరాధనలో లేచి సాక్ష్యం చెబుతోంది. చేతిలో ఖాకీ దిండు. మూల ఎర్ర సిలువ చూశాకగాని ఎవరో నాకు తెలియలేదు. "నా చేలో పండిన దూదిలో దేవుడు నా బిడ్డను దాచాడు. అంత ఇనప బండి ఎగిరి పడింది. నా దిండు నా కొడుకుని పట్టుకుంది. చావాల్సినోడు బతికాడు. నేను పెట్టిన ప్రతి కుట్టుకీ ప్రార్థన చేశా" అంటోంది. పక్కనే చక్రాల కుర్చీలో మా వాడు. తల దించుకుని ఉన్నాడు. చుట్టూ హల్లెలూయలు. వీడియో కింద పొదిలి నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో తల్లుల మెసేజ్‌లు: మా అబ్బాయి కూడా ఆ బండ్లలోనే తిరుగుతాడు, కొలతలు చెప్పండి అక్కా అని.

వారం తిరక్కముందే వాళ్ళ పాస్టరు గారు ఫోన్ చేశారు. కోత పండుగకు చుట్టుపక్కల సంఘాల స్త్రీలు దిండ్లు కుట్టి తెస్తున్నారట. బలిపీఠం ముందు పెట్టి ప్రార్థించి, బలగాల్లో ఉన్న బిడ్డలకు పంపుతారట. "ఆ బండి నడిపింది మీరేనటగా బ్రదర్. దేవుడు మిమ్మల్ని కూడా కాపాడాడు. వచ్చి సాక్ష్యం చెప్పాలి" అన్నారు. వస్తానన్నాను. రానని ఎలా చెప్పను?

నరసరావుపేట దాటాక బస్సు కిటికీలోంచి కళ్ళాల నిండా ఎండు మిరపకాయలు, వాటి వెనక పత్తి చేలు కనిపించాయి. ఘాటుకు బస్సులో అందరూ తుమ్ముతున్నారు. పండుగకు ముందు రోజు మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి చేరాను. తల్లి గుడి అలంకరణకు వెళ్ళింది. మా వాడు మంచం మీద ఉన్నాడు.

"లావయ్యావు మావా."

"నువ్వు చిక్కావు."

"సగమే కదా నాకు తెలిసేది. ఆ సగం చిక్కలా."

కాసేపు కంపెనీ కబుర్లు చెప్పుకున్నాం. కమాండరుకు బదిలీ అయిందని, మడమలవాడికి కూతురు పుట్టిందని చెప్పాను. వాడు నవ్వాడు. తర్వాత అడిగాడు.

"రేపు ఏం చెప్తావు?"

నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"నాకు తెలుసు మావా. ఆ ఇంజనీరు సారు ఆసుపత్రికి కూడా వచ్చాడు. దిండు ఎంత మందం, ఎట్టా కట్టావు అని అడిగాడు. అడిగే తీరు చూసి గుచ్చి గుచ్చి అడిగా. పాపం, దాచలేకపోయాడు."

"అమ్మకి?"

"ఏమని చెప్పను? పొద్దున్నే లేచి నా ఒళ్ళు తుడిచేది ఆవిడ. పుండ్లు పడకుండా పక్కకు తిప్పేది ఆవిడ. దిండు కుట్టి కొడుకుని దక్కించుకున్నానని అనుకోబట్టి లేస్తంది. ఆ మాట తీసేస్తే రేపు పొద్దున ఎందుకు లేస్తది?"

"ఆ దిండ్లు ఎవరెవరి సీట్ల మీదకో వెళ్తాయిరా."

వాడు పైకప్పు వైపు చూశాడు. "అదే నన్ను తినేస్తంది. నిద్ర పట్టట్లా." తర్వాత నా వైపు తల తిప్పి, "రూలు ఒప్పుకోదని చెప్పు మావా. ఆర్డరు ఉందిగా, అబద్ధం కాదు. అంతవరకే చెప్పి ఆపెయ్" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధం ఆడకుండా నిజం దాచే దారి దొరికితే విశ్వాసికి కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

కోత పండుగ మన సంఘాలన్నిటిలో ఎలా జరుగుతుందో అక్కడా అలాగే జరిగింది. బలిపీఠం ముందు ప్రథమ ఫలాలు: మిర్చి, పత్తి, గుమ్మడికాయలు, గోంగూర కట్టలు. కాళ్ళు కట్టిన కోళ్ళు ప్రసంగం మధ్యలో అరుస్తున్నాయి. వాటి పక్కన దిండ్లు, ఒకదాని మీద ఒకటి, నా రొమ్ము ఎత్తున. ప్రతిదాని మీదా కొడుకు పేరు దారంతో కుట్టి ఉంది. పైన, అన్నిటికంటే పైన, అణిగిపోయిన ఆ పాత ఖాకీ దిండు.

పాటల సమయంలో నేను వాక్యంలో నాకు అనుమతి వెతుక్కున్నాను. హెబ్రీ మంత్రసానులు ఫరో ముందు నిజం దాచారు, దేవుడు వాళ్ళకు మేలు చేశాడు. అది తలుచుకుని ధైర్యం తెచ్చుకోబోయాను. కానీ వాళ్ళు దాచింది పసిపిల్లలు బతకడానికి. నేను దాచేది ఎవరి పిల్లల నడుములు విరగడానికి? ఆ ఆలోచన పూర్తికాకముందే నా పేరు పిలిచారు.

లేచి దేవుణ్ణి స్తుతించి, బండి గురించి చెప్పి, చివర అన్నాను: "ఈ దిండ్లు మాత్రం పంపకండి. బలగం ఒప్పుకోదు. సీట్ల మీద ఏదీ వెయ్యకూడదని ఆర్డరు ఉంది."

ఒక క్షణం గుసగుసలు. తర్వాత మధ్య వరసలో ఒక లావుపాటి ఆవిడ చాప మీద నుంచే అంది. "పార్సెలు ఎందుకన్నా, మావాడు లీవులో ఇంటికాడే ఉన్నాడు. సంచీలో పెట్టి పంపిస్తా. ఎవరు చూస్తారు?"

ఇంకొకామె అందుకుంది. "ఆ ఆర్డర్లు రాసేటోళ్ళు ఆ సీట్లలో కూర్చుంటారా ఏంది?"

నవ్వులు, ఆమేన్‌లు. పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకోలేదు. తల్లుల ముందు రూలు అనేది ఎంత పలచని గోడో అప్పుడు చూశాను. అంత ఉక్కు బండిని నడిపినవాణ్ణి, ఇంత చిన్న సంగతి ముందే తెలుసుకోలేకపోయాను.

మా వాడి తల్లి లేచి నిలబడింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఎందుకు ఒప్పుకోరన్నయ్యా? నా బిడ్డకు ఒప్పుకున్నారుగా. నా బిడ్డ బతికాడుగా."

నేను మా వాడి వైపు చూశాను. వాడు నా వైపు చూడలేదు. దిండ్ల మీద కుట్టిన పేర్లు చదువుతున్నాడు.

"చెల్లెమ్మా," అన్నాను, "మీ ఆయన యార్డులో టిక్కీలు మోశాడు కదా."

"మోశాడు."

"టిక్కీ వీపు మీదికి ఎట్టా ఎత్తేవాళ్ళు? ఆనించి పెట్టేవాళ్ళా, పైనుంచి వదిలేవాళ్ళా?"

"వదిలితే ఇంకేమన్నా ఉందా? వీపుకి ఆనించే పెట్టాలి. ఆనిస్తే ఎంత బరువైనా మోస్తాడు. జానెడు ఎడం నుంచి వదిలారా, అదే టిక్కీ నడుం విరిచేస్తది. మా ఆయన ముఠాలో ఒకాయన అట్టాగే…"

అక్కడ ఆగిపోయింది.

ఆమె దిండ్ల వైపు చూసింది. జానెడు ఎత్తున్న ఒక్కో దిండును పైనుంచి కిందికి చూసింది. తర్వాత కొడుకును చూసింది. మిగిలినవాళ్ళకు అర్థం కాలేదు కాబట్టి వాళ్ళ కోసం నేను పూర్తిచేయాల్సి వచ్చింది: సీటు కింది నుంచి టిక్కీలా వస్తుందని, గట్టి సీటు ఆనించి పెట్టిన బరువని, దిండు ఆ జానెడు ఎడమని. ఇంజనీరు ఖాయంగా చెప్పలేనన్నాడని కూడా చెప్పాను. ఆ మాట ఎవరూ విన్నట్టు లేదు.

ఏ పాట ఎత్తాలో పాస్టరు గారికి తోచలేదు. కోళ్ళ అరుపులే వినిపించాయి. ముందు ఆ లావుపాటి ఆవిడ లేచి వెళ్ళి, దొంతరలోంచి తన కొడుకు పేరున్న దిండు లాక్కుని, కొంగు కింద దాచుకుని తన చోటికి వచ్చింది. తర్వాత ఒక్కొక్కరూ వెళ్ళారు. చివరికి ఖాకీ దిండు ఒక్కటే మిర్చి పక్కన మిగిలింది.

ఆరాధన అయ్యాక ఏటా జరిగినట్టే ఆ పంట కానుకలకు వేలం జరిగింది. ఎవరూ గొంతెత్తి పాడలేదు. నేను బయటికి వచ్చేసరికి ఆమె గుడి మెట్ల మీద కూర్చుని పళ్ళతో ఖాకీ దిండు కుట్లు కొరుకుతోంది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"వాడికి తెలుసా?"

"తెలుసమ్మా."

"ఎప్పట్నించి?"

"ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచి."

దూది గడ్డలు గడ్డలుగా ఒళ్ళోకి వస్తోంది. ఆమె దాన్ని వేళ్ళతో విడదీస్తోంది.

"ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చున్నాడు" అంది. "నేను లేచి చెప్తుంటే వింటానే ఉన్నాడు. ఇంటికొచ్చి నా చేతి అన్నమే తిన్నాడు. ఒక్క రోజు, విసుక్కుని అయినా, ఒక్క మాట అనలా."

ఇన్నేళ్ళు వాక్యం చదివినవాణ్ణి, ఒక్క వచనం నోటికి రాలేదు. రాకపోవడమే మంచిదయింది.

"నువ్వు బయల్దేరన్నయ్యా" అంది. "బస్సు పోతది."

అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. మా వాడు ఫోన్ చేస్తాడు. వాడు భయపడినట్టు జరగలేదు. మర్నాడు పొద్దున కూడా ఆమె లేచింది, ఒళ్ళు తుడిచింది, పక్కకు తిప్పింది. ఆ దూదిని సాయిబు దగ్గర మళ్ళీ ఏకించి, కొత్త దూది కలిపి, వాడి మంచం మీదికి పరుపు కుట్టింది. పుండ్లు పడకుండా వాడికి మెత్త కావాలి మరి. "బాగుంది మావా, మెత్తగా ఉంది" అన్నాడు. నవ్వుతున్నాడో లేదో ఫోనులో తెలియలేదు.

ఆ దిండ్లలో ఒక్కటీ వెళ్ళలేదని పాస్టరు గారు చెప్పారు. అవి వెళ్ళనందువల్ల విరగకుండా మిగిలిన నడుం ఏదైనా ఉంటే అది ఎవరిదో ఎవరికీ తెలియదు. జరగనిదానికి ఏ సంఘంలోనూ సాక్ష్యం ఉండదు. నేను చేసింది సరైనదేనా అని అడిగితే సరైనదేనంటాను. మళ్ళీ చెయ్యమంటే ఆ బస్సెక్కుతానని మాట ఇవ్వలేను.

తమ్ముళ్ళూ, మీరు ఆ బండెక్కే రోజు వస్తే బెల్టు కట్టుకోండి. సీటు గట్టిగా ఉందని ఇంటికి ఫోన్ చేసి చెప్పకండి. మీ అమ్మ ఊరుకోదు.

ఇక ఇక్కడ ఆగి నాతోపాటు కళ్ళు మూసుకోండి. నా కోసం వద్దు. మా వాడి కాళ్ళ కోసం వాడే అడుగుతున్నాడు, వాడి ప్రార్థన వాడిది. వినుకొండ పక్క ఆ పల్లెలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు గుడిలో వెనక చాప మీద ఒక తల్లి తల వంచుకుని కూర్చుంటోంది. అందరికంటే ముందు లేచే మనిషి ఆమె. ఇప్పుడు లేవడం లేదు. ప్రభువా, ఆమెను లేపు అని అడగండి. లేచి ఏం చెప్పాలో మనం ఆయనకు నేర్పవద్దు. స్తుతించినా సరే, నిలదీసినా సరే. లేచి నిలబడితే చాలు. ఆమేన్.